తోడు

గుణుపురంలో తెల్లారగట్ల నాలుగింటికి
నా డ్యూటీ పుస్తకంలో నింపాల్సినవి నాలుగే గళ్ళు:
గాలి, బురద, రంగు, వాసన.
ఆ వేళ గడి లేకపోయినా ఐదోది రాశాను.
నురగ.

మోకాలెత్తున నురగ.
బ్లోయరు ఊదిన కొద్దీ ముక్కలై లేచి
కంచె దాటి హికాకా వాళ్ళ పసుపు మడి మీద
కొంగల్లా వాలింది.
రోజూ తొలకరి మట్టి వాసనేసే నా ట్యాంకు
ఆ పూట మల్లెపూల వాసన కొట్టింది,
పౌడరు సంచి మీద బొమ్మలో ఉండే మల్లెలు.

ఇక్కడ పని చేసేది నేను కాదు.
నేను మోటారు వేస్తాను, పుస్తకం రాస్తాను.
పని చేసేవాళ్ళు కంటికి ఆనరు.
ఊరు వదిలించుకున్నదంతా తిని
ఒకరినొకరు పట్టుకుని గుత్తులై అడుక్కి దిగుతారు.
వాళ్ళు మునిగితేనే
పైన నీళ్ళు నీళ్ళై వంశధారకి పోతాయి.
హాజరుపట్టీ లేని కూలీలు.

గాజు జాడీలో పోసి అరగంట చూశాను.
గంట చూశాను.
కుడితిలా అలాగే ఉంది.

దుర్యోధన్ బాబు మైక్రోస్కోపులోంచి కన్ను తీయకుండానే
"సబు మరిగలే" అన్నాడు.
మా చెవికి ఏదో కాగి మరిగినట్టుంటుంది.
వాళ్ళ భాషలో, అందరూ చచ్చిపోయారని.
నేనూ చూశాను.
కాడ మీద గంటల్లా ఊగే జీవులు
కాడ చుట్టుకుపోయి, గంట ఆగిపోయి.

సబ్బుకి రెండు చేతులట.
ఒకటి నీళ్ళని పట్టుకుంటుంది, ఒకటి జిడ్డుని.
అన్నం పళ్ళేనికి అంటిందీ జిడ్డే,
ప్రాణం చుట్టూ కప్పుకున్న పలచని పొరా జిడ్డే.
దొరికిందల్లా లాగడమే దానికి నేర్పారు,
ఎవరిదని అడగడం నేర్పలేదు.

మూత వెనక మూత ఎత్తుకుంటూ
నురగకి ఎదురు నడిచాను.
ఏ వీధిలోకి తిరగకూడదని మొక్కుకున్నానో
ఆ వీధిలోకే తిరిగింది.

తమ్ముడు గవరయ్య లాండ్రీ.
ఆసుపత్రి దుప్పట్ల కాంట్రాక్టు, రెండు కొత్త మెషీన్లు.
చవుడు మట్టితో ఉతికి ఉతికి
వేళ్ళ సందులు ఒరిసిపోయిన మా అమ్మ దాలమ్మ
అక్కడే స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని
మెషీను తిరగడం చూస్తోంది, సినిమా చూసినట్టు.
రేవు నుంచి ఆ స్టూలు దాకా రావడానికి
మాకు మూడు తరాలు పట్టింది.

"రాత్రి నీలం డ్రమ్ము ఒరిగిపోయింది వదినా,
పైపు పెట్టి కడిగేశాం" అంది మరదలు.
కడిగితే పోతుందన్న మాట మీదే కదా మా ఇల్లు నడిచింది.
పోయి ఎక్కడ ఆగుతుందో ఎవరూ అడగలేదు.
అది ఆగే చోటే నాకు జీతమిస్తారు.

పుస్తకంలో 'కారణం' అని ఒక గీత ఉంటుంది.
ఖాళీగా వదిలాను.
ఇప్పటికీ ఖాళీయే.

అమ్మకి చెప్తే ఇంతే అంది:
"పాలు తోడుకోకపోతే ఏడుస్తావేటి?
పక్కింటికెళ్ళి తోడు తెచ్చుకో."
టాటా ఏస్‌లో ఖాళీ డ్రమ్ములు వేసుకుని రాయగడ పోయాను.
దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదంటారు.
అక్కడి ఆపరేటరు బెహరా
టార్చి పట్టుకుని మరీ నింపి ఇచ్చాడు,
గోధుమరంగు బురద, బతికున్నది,
దారి పొడుగునా మూత కింద గుసగుసలాడింది.

వేళకింత బెల్లం నీళ్ళు, పేడ నీళ్ళు.
బాలింతకి పథ్యం పెట్టినట్టు.

గవరయ్య ఒక సాయంత్రం వచ్చి
కంచె అవతలే నిలబడ్డాడు. రమ్మన్నా రాలేదు.
"ఎంతమంది పోయారప్పా?" అన్నాడు.
దానికీ నా పుస్తకంలో గడి లేదు.

తొమ్మిదో రోజు జాడీలో
రెండు వేళ్ళ మందం అడుక్కి దిగింది.
పైన ఇంకా తేట కాదు.
వంగి వాసన చూశాను, మళ్ళీ చూశాను.
'మట్టి' అని రాసి
పక్కన చిన్న ప్రశ్నగుర్తు పెట్టి
మోటారు దగ్గరికి పోయాను.